యాభై దాటాక సముద్రం



పోయిన నెల బుధవారం ప్రార్థన అయిపోయాక మా సంఘంలోని ఒక సహోదరుడు ఇంటికి పోకుండా మందిరం బయటే ఆగిపోయాడు. అందరూ వెళ్ళేదాకా చెప్పులు వేసుకుంటున్నట్టే వంగి ఉన్నాడు. ఏదో మాట్లాడాలని ఉంది ఈయనకు అనుకున్నాను. ఆయన బండి మీద ఇద్దరం శామీర్‌పేట చెరువు కట్ట దాకా వెళ్ళాం. మా అలియాబాద్ నుంచి పెద్ద దూరమేమీ కాదు. చెరువు నిండుగా ఉంది. కట్ట మీద కూర్చున్నాక ఆయన నీళ్ళ వైపు చూస్తూ అడిగాడు.

"అయ్యగారూ, ఒక్క మాట అడుగుత, నవ్వొద్దు. నాకు యాభై రెండేండ్లొచ్చినయి. ఇప్పుడు కొత్త పని మొదలువెడ్తె నవ్వులపాలైత గదా?"

ఆయన ఇరవై ఏళ్ళు తుర్కపల్లి వైపు కంపెనీల్లో ప్యాకింగ్ పని చేశాడు. కాంట్రాక్టు అయిపోయింది, మళ్ళీ పిలవలేదు. ఒక ట్రాలీ ఆటో కొని, తెల్లవారుజామున ఊళ్ళల్లో కూరగాయలు ఎత్తుకుని బోయినపల్లి మార్కెట్‌కు వేయాలని ఆయన ఆలోచన. డ్రైవింగ్ ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాడు.

నేను నవ్వలేదు. నేనే 44 ఏళ్ళకు పరిచర్యలోకి వచ్చినవాణ్ణి. "ఈ వయసుల ఈయనకు బైబిల్ సంచేంది" అని నవ్వినవాళ్ళను నేనూ చూశాను. అబ్రాహాము 75 ఏళ్ళకు హారాను విడిచి బయలుదేరిన సంగతి చెబుతానని ఆయన అనుకుని ఉంటాడు. నేను మాత్రం సముద్రం సంగతి చెప్పాను. ఆ రోజు చీకటి పడిపోయి సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ మీ అందరికోసం రాస్తున్నాను.

నాకు ఈత రాదు. నేనెక్కిన పడవ కూడా ఒక్కటే, హుస్సేన్ సాగర్‌లో బుద్ధ విగ్రహం దాకా తీసుకుపోయే బోటు. అందులోనూ నడిమధ్యకు వెళ్ళాక కడ్డీ గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. ఇలాంటివాడికి ఒంటరిగా సముద్రాలు దాటేవాళ్ళ సంగతి ఎలా తెలిసిందంటే, నడుం నొప్పి వల్ల తెలిసింది.

2018 సెప్టెంబరులో నా నడుములో డిస్క్ జరిగింది. డాక్టరు కదలొద్దన్నాడు. మంచం మీద పడుకుని పైకప్పు రేకులు లెక్కపెట్టడమే పని. ఒక పొద్దున మా అబ్బాయి పేపరు చదువుతూ, "నాన్నా, సముద్రంల ఒకాయనకు నీలెక్కనే నడుం దెబ్బతిన్నదట, కాకపోతె ఆయన ఒక్కడే ఉన్నడట" అన్నాడు. ఆయన పేరు అభిలాష్ టామీ. మన నౌకాదళంలో కమాండర్. ఆ రోజు నుంచి ఆయన కోసం ప్రార్థన చేశాను. లేచి తిరగగలిగాక ఆయన గురించి, ఆయనలాంటివాళ్ళ గురించి దొరికినదల్లా చదివాను.

ఆ పోటీ పేరు గోల్డెన్ గ్లోబ్ రేస్. 2018 జూలై 1న ఫ్రాన్సులోని లే సాబ్ల్ దొలోన్ రేవులో మొదలైంది. పడవకు ఒక్క మనిషే ఉండాలి. ఎక్కడా ఆగకుండా, ఎవరి సాయమూ తీసుకోకుండా భూమిని చుట్టి మళ్ళీ అదే రేవుకు రావాలి. పడవలు చిన్నవి, 32 నుంచి 36 అడుగులే. దారి చూపించే జీపీఎస్ వాడకూడదు. కాగితం మీద గీసిన మ్యాపులు, గడియారం, సెక్స్టెంట్ అనే పాతకాలపు పరికరం, ఇవే ఆధారం. మధ్యాహ్నం సూర్యుడు అంచు నుంచి ఎంత ఎత్తులో ఉన్నాడో సెక్స్టెంట్‌తో కొలిస్తే ఏ అక్షాంశం మీద ఉన్నామో లెక్క తేలుతుంది. తూర్పు పడమరల లెక్కకు సరైన టైము కావాలి. మబ్బు పట్టిందంటే సూర్యుడు ఉండడు. అప్పుడు ఎంత వేగంతో, ఏ దిక్కుకు, ఎన్ని గంటలు వచ్చామో చూసుకుని అంచనా వేసుకోవడమే. నిద్ర కూడా ముక్కలు ముక్కలుగా పోవాలి. మనిషి పడుకున్నప్పుడు గాలివాటు రెక్క ఒకటి చుక్కానిని తిప్పుతూ ఉంటుంది. అది విరిగితే బాగుచేసుకోవాల్సిందీ ఆ ఒక్కడే.

ఇది కుర్రాళ్ళ ఆట అనుకుంటాం. ఆ 2018 పోటీలో మొదట వచ్చిన మనిషి వయసు 73 ఏళ్ళు. పేరు జాన్ లుక్ వాన్ డెన్ హీడ్. ఒకప్పుడు ఫ్రాన్సులో లెక్కల మాస్టారు. 1989లో వాందే గ్లోబ్ అనే ఒంటరి పోటీ మొట్టమొదటిసారి జరిగినప్పుడు ఆయన వయసు 44. అందులో మూడోస్థానంలో వచ్చాడు. 44 అని చదవగానే నాకు నా బైబిల్ సంచి గుర్తొచ్చింది. 2018 పోటీలో తుఫానుకు ఆయన తెరచాప కొయ్య దెబ్బతింటే, నడిసముద్రంలో, ఆ వయసులో, ఊగే కొయ్య మీదికి పలుమార్లు ఎక్కి దాన్ని బిగించుకున్నాడు. 211 రోజుల తరువాత, 2019 జనవరి 29న రేవుకు చేరాడు.

ఆయనకంటే ముందు ఇంగ్లండులో ఫ్రాన్సిస్ చిచెస్టర్ అనే ఆయన ఉండేవాడు. మ్యాపులు అచ్చువేసి అమ్ముకునే వ్యాపారం ఆయనది. డాక్టర్లు ఊపిరితిత్తుల క్యాన్సర్ అన్నారు. ఆ తరువాతే, 1960లో, 58 ఏళ్ళ వయసులో, అట్లాంటిక్ మహాసముద్రాన్ని ఒంటరిగా దాటే మొదటి పోటీలో 40 రోజుల్లో దాటి గెలిచాడు. 1966-67లో సిడ్నీలో ఒక్కచోటే ఆగి భూమిని చుట్టి వచ్చాడు. అప్పటికి ఆయనకు 65 ఏళ్ళు.

మన తెలుగువాళ్ళకు సముద్రం దూరమని కూడా అనుకోకండి. మన హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి, విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి, ఇద్దరూ నౌకాదళం అధికారులే. ఆరుగురు ఆడపిల్లలు మాత్రమే నడిపిన తారిణి అనే తెరచాప పడవలో వీళ్ళు 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరారు. భూమిని చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. వాళ్ళది ఒంటరి ప్రయాణం కాదు, పోటీ కూడా కాదు, వయసులో చిన్నవాళ్ళు. అయినా మన ఇళ్ళల్లో పెరిగిన పిల్లలు అంత సముద్రం చూసి వచ్చారంటే నాకు సంతోషం.

మళ్ళీ టామీ దగ్గరికి వస్తాను. ఆయన అప్పటికే, 2012 నవంబరు నుంచి 2013 మార్చి వరకు, ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూమిని చుట్టిన మొదటి భారతీయుడు. 2018 సెప్టెంబరు 21న హిందూ మహాసముద్రం దక్షిణాన పెద్ద తుఫాను ఆయన పడవను బోర్లా తిప్పింది. తెరచాప కొయ్యలు విరిగాయి. ఆయన వెన్నెముక విరిగింది. లేవలేడు. చేతికి అందిన చిన్న యంత్రం మీద ఆయన ఒడ్డుకు పంపిన సందేశంలో వీరత్వం ఏమీ లేదు. పడవ తిరగబడింది, కొయ్య పోయింది, నడుం దెబ్బతింది, లేవలేను. అంతే. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

ఆ మాట నిజం కాబట్టే చాలామంది కదిలారు. మన నౌకాదళం విమానం మారిషస్ నుంచి ఎగిరి వెళ్ళి పడవను కనిపెట్టింది. అదే తుఫానులో గ్రెగర్ మెగకిన్ అనే ఐర్లండ్ నావికుడి పడవ కొయ్యలు కూడా విరిగిపోయాయి. ఆయన మిగిలిన ముక్కలతో చిన్న తెరచాప కట్టుకుని, తన ప్రాణం చూసుకోకుండా, టామీ ఉన్న వైపే పడవ తిప్పాడు. చివరికి సెప్టెంబరు 24న ఒసిరిస్ అనే ఫ్రెంచి ఓడ వచ్చి టామీని ఎత్తుకుంది, తరువాత మెగకిన్‌ను కూడా. అక్కడి నుంచి ఆమ్‌స్టర్‌డామ్ అనే చిన్న దీవికి, ఆ దీవి నుంచి మన యుద్ధనౌక సాత్పురా మీద అక్టోబరులో మన విశాఖపట్నానికి వచ్చాడు. ఆయన భారతదేశపు నేల మీద దిగింది తెలుగు ఒడ్డునే.

వెన్నులో టైటానియం కడ్డీలు వేశారు. నడక మళ్ళీ నేర్చుకున్నాడు. 2021లో నౌకాదళం నుంచి విరమణ తీసుకుని, ఇక ఇదే నా పని అని సముద్రం మీదికి వచ్చాడు. డబ్బు పెట్టే స్పాన్సర్‌ను వెతుక్కున్నాడు, పడవ సంపాదించుకున్నాడు. 2022 సెప్టెంబరు 4న అదే పోటీ, అదే రేవు. దారిలో గాలివాటు రెక్కలు విరుగుతుంటే పడవలోని టాయిలెట్ తలుపు కోసి రెక్కలు చేసుకున్నాడు. 236 రోజుల తరువాత, 2023 ఏప్రిల్ 29న, రెండవవాడిగా వచ్చాడు. అప్పటికి ఆయనకు 44 ఏళ్ళు. మొదట వచ్చింది కిర్‌స్టెన్ నాయ్‌షేఫర్ అనే దక్షిణాఫ్రికా సహోదరి. ఆమె కూడా మధ్యలో పోటీ పక్కనపెట్టి, పడవ మునిగి తెప్ప మీద ఉన్న తోటి నావికుణ్ణి కాపాడి, మళ్ళీ తన దారిన వెళ్ళింది.

ఇంతవరకు వింటే నా సహోదరుడికి ధైర్యం వచ్చింది. "అయితే మొదలువెడ్త అయ్యగారూ, ప్రార్థన చెయ్యున్రి" అన్నాడు. నేను, "తమ్ముడూ, బండికి డబ్బులెక్కడివి?" అని అడిగాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. ఇంటి కాగితాలు ఫైనాన్సులో పెట్టి రెండు లక్షలు తెచ్చాడట. "ఇంట్ల ఇంకా చెప్పలే" అన్నాడు.

అప్పుడు ఆయనకు ఇంకొక నావికుడి సంగతి చెప్పాల్సి వచ్చింది.

గోల్డెన్ గ్లోబ్ మొదటిసారి జరిగింది 1968లో. తొమ్మిదిమంది బయలుదేరితే ఒక్కడే తిరిగి చేరాడు, రాబిన్ నాక్స్ జాన్‌స్టన్. ఆయన పడవ సుహైలీ మన బొంబాయిలో కట్టినదే. ఆ తొమ్మిదిమందిలో డొనాల్డ్ క్రౌహర్స్ట్ ఒకడు. 36 ఏళ్ళవాడు, నలుగురు పిల్లల తండ్రి. ఎలక్ట్రానిక్ పరికరాల చిన్న వ్యాపారం, అదీ నష్టాల్లో ఉంది. సెలవు రోజుల్లో పడవ నడపడం తప్ప మహాసముద్రం తెలియదు. పడవ కోసం ఇల్లు, వ్యాపారం తాకట్టులో పెట్టాడు. వెనక్కి తిరిగితే అంతా పోతుంది. 1968 అక్టోబరు 31, బయలుదేరడానికి అనుమతి ఉన్న చివరి రోజున, ఇంకా పూర్తిగా సిద్ధం కాని పడవలో బయలుదేరాడు.

కొన్ని వారాల్లోనే పడవలోకి నీళ్ళు రావడం మొదలైంది. ముందుకు వెళ్తే చావు, వెనక్కి వెళ్తే అప్పు. అప్పుడు ఆయన మూడో దారి వెతుక్కున్నాడు. అట్లాంటిక్‌లోనే తిరుగుతూ, తాను ఎంతో ముందుకు పోయినట్టు రేడియోలో చెప్పాడు. ఒక్కరోజులో 243 మైళ్ళు వచ్చానన్నాడు. ఒడ్డున అందరూ చప్పట్లు కొట్టారు. ఇప్పటి పోటీల్లో ప్రతి పడవకూ ట్రాకర్ ఉంటుంది. పడవ ఎక్కడుందో నావికుడికి తెలియకపోయినా పైనుంచి చూసేవాళ్ళకు తెలుస్తుంది. అప్పుడు అది లేదు. మనిషి మాటే ఆధారం.

ఆ అబద్ధం ఆయనతో ఆగలేదు. నైజెల్ టెట్లీ అనే ఇంకో నావికుడు నిజంగానే భూమిని దాదాపు చుట్టేశాడు, ఇల్లు దగ్గరికొచ్చింది. వెనుక క్రౌహర్స్ట్ తరుముకొస్తున్నాడని విని, అప్పటికే దెబ్బతిని ఉన్న పడవను ఆపకుండా తోలాడు. 1969 మేలో అజోర్స్ దీవుల దగ్గర ఆ పడవ విరిగి మునిగిపోయింది. ఆయన ప్రాణంతో బయటపడ్డాడు గాని అంత ప్రయాణమూ పోయింది. లేని పడవకు భయపడి ఉన్న పడవ పోగొట్టుకున్నాడు.

1969 జూలై 10న క్రౌహర్స్ట్ పడవ మనిషి లేకుండా సముద్రం మీద తేలుతూ ఒక ఓడకు కనిపించింది. అందులో ఆయన నిజంగా తిరిగిన చోట్లు రాసిన లాగ్‌బుక్‌లు ఉన్నాయి. ఆయన లేడు. గెలిచిన నాక్స్ జాన్‌స్టన్ తనకొచ్చిన 5,000 పౌండ్ల బహుమతిని ఆ కుటుంబానికి ఇచ్చేశాడు.

ప్రియులారా, ఆ రోజు కట్ట మీద ఈ సంగతి నేను తేలిగ్గా చెప్పలేదు. ఎందుకంటే ఆ రెండో లెక్క నేనూ రాశాను.

పరిచర్యకు వచ్చిన కొత్తలో ఒక సంస్థ నాకు నెలనెలా కొంత సహాయం పంపేది. ఆరు నెలలకొకసారి ఫారం నింపాలి. ఆరాధనకు ఎంతమంది వస్తున్నారు, ఎంతమంది కొత్తగా వచ్చారు. మా మందిరానికి వచ్చేది 23 మంది. నేను 60 అని రాశాను. వచ్చే ఏడాదికి నిజంగానే 60 అవుతారులే, దేవుడు చేస్తాడులే అని నాకు నేను చెప్పుకున్నాను. విశ్వాసంతో రాస్తున్నాననే అనుకున్నాను. అలా మూడేళ్ళు రాశాను. వయసు మీద పడ్డాక వచ్చినవాణ్ణి, తక్కువ చూపిస్తే ఈయనవల్ల కాదనుకుంటారని భయం.

పక్క మండలంలో ఇంకొక కాపరి ఉండేవాడు. ఆయన 18 మంది అని నిజం రాశాడు. ఆయనను పిలిచి, "అలియాబాద్ ఆయనకు అరవైమంది వస్తుంటే నీకెందుకు రారు?" అని అడిగారట. ఒక ఏడాది చూసి ఆయన సహాయం ఆపేశారు. ఆయన కుటుంబంతో హైదరాబాదు వెళ్ళి అపార్ట్‌మెంటులో వాచ్‌మన్‌గా చేరాడు. ఆ సంగతి తెలిసినా నేను నోరు మెదపలేదు. 2018లో నడుం పట్టి మంచం మీద ఉన్నప్పుడు నా తల పక్కనే ఆ ఆరునెలల ఫారం ఉంది. టామీ పంపిన సందేశం సంగతి విన్నాక ఆ కాగితం వైపు చూడలేకపోయాను. ఎవరూ లేని సముద్రంలో, విరిగిన నడుంతో, ఆ మనిషి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. మెత్తటి పరుపు మీద పడుకుని నేను చెప్పలేకపోయాను.

ఆ ఫారంలో 23 అని రాసి, పోయిన మూడేళ్ళ లెక్కలు కూడా తప్పని కింద రాసి పంపాను. సహాయం ఆగిపోయింది. వాళ్ళను తప్పుపట్టను. మా ఇంటావిడ మిషన్ కుట్టి రెండేళ్ళు ఇల్లు నడిపింది. ఆ తరువాత నడవగలిగాక హైదరాబాదు వెళ్ళి ఆ సహోదరుణ్ణి వెతికి పట్టుకున్నాను. గేటు పక్క గదిలో కూర్చోబెట్టి టీ తెప్పించాడు. నేను చెప్పిందంతా విని ఆయన అన్నాడు, "మీ మందిరంల అరవైమంది యాడ గూసుంటరన్నా అని నేను అప్పుడే అనుకున్న." అంతకంటే ఒక్క మాట అనలేదు. తిడితే నాకు బాగుండేది. ఆయన పోగొట్టుకున్నది తిరిగి ఇచ్చే దారి నాకు ఈనాటికీ దొరకలేదు. ఆయన పేరు ప్రార్థనలో ఎత్తేటప్పుడు గొంతు పట్టేస్తుంది.

పౌలును రోమాకు తీసుకుపోయిన ఓడ సంగతి మీకు తెలుసు. పద్నాలుగో రాత్రి చీకట్లో ఓడవాళ్ళు బుడుదు వేసి లోతు చూశారు. మొదట ఇరవై బారలు, కొంచెం ముందుకెళ్ళాక పదిహేను బారలు. లోతు తగ్గుతోందంటే రాళ్ళు దగ్గరపడుతున్నాయి. ఆ లెక్క వాళ్ళకు నచ్చే లెక్క కాదు. అయినా దాన్ని నమ్మారు, లంగర్లు వేశారు, తెల్లవారేదాకా ఆగారు. ఓడ పోయింది గాని అందులోని 276 మందీ ఒడ్డుకు చేరారు. ఏదెను తోటలో దేవుడు ఆదామును అడిగిన మొదటి ప్రశ్న కూడా చోటు గురించే. ఆయనకు తెలియక అడగలేదు. చెట్టు చాటున ఉన్నవాడు తన నోటితో తాను చెప్పాలని అడిగాడు.

కాబట్టి సహోదరులారా, ఆలస్యంగా మొదలుపెట్టడానికి సిగ్గుపడకండి. 44కు మొదలుపెట్టవచ్చు, 52కు మొదలుపెట్టవచ్చు, 73కు కూడా కొయ్య ఎక్కవచ్చు. ఊరివాళ్ళు నవ్వితే నాలుగు రోజులు నవ్వుతారు. ఆలస్యంగా వచ్చినవాడికి ఉండే శోధన వేరు. పోయిన ఏళ్ళను ఒక్కసారే పట్టుకోవాలనే తొందర ఉంటుంది. ఆ తొందరలో లేని మైళ్ళు రాసుకుంటాం. మన పక్కన ఎవడో నిజంగా పడవ నడుపుతుంటాడు, మన అబద్ధపు మైళ్ళు ఆయన పడవను ముంచుతాయి.

ఆ రాత్రి కట్ట మీద నేను ప్రార్థన చేయలేదు. "ముందు ఇంటికి పోయి చెల్లెమ్మకు చెప్పు తమ్ముడూ. రెండు లక్షలు అని అంకెతోసహా చెప్పు. ఆ తరువాత ఇద్దరూ రండి, ముగ్గురం కలిసి ప్రార్థన చేద్దాం" అన్నాను. ఆయనకు అది నచ్చలేదు. బండి మీద నన్ను ఇంటి దగ్గర దింపేదాకా మాట్లాడలేదు.

ఆ ఆదివారం ఇద్దరూ రాలేదు. నేను తప్పు చేశానేమో అనుకున్నాను. తరువాతి ఆదివారం వచ్చారు. ఆరాధన అయ్యాక చెల్లెమ్మ నా దగ్గరికొచ్చి, "మూడు దినాలు మాట్లాడలే అయ్యగారూ ఈయనతోని. ఇంకేమన్న దాచినవా అని అడిగిన. లేదన్నడు. ఇగ ప్రార్థన చెయ్యున్రి" అన్నది. చేశాను. బండి ఇంకా రాలేదు. ముందు లైసెన్సు రావాలని చెల్లెమ్మ పట్టుబట్టింది, మంచిదే. బండి వచ్చాక నెలనెలా కిస్తీ ఎంతో ఆమే ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకున్నది.

మొన్న ఆదివారం మా మందిరానికి 31 మంది వచ్చారు, చంటిపిల్లలతో కలిపి.

ఈ వారం మీరు ఎక్కడున్నారో ప్రభువు దగ్గర ఉన్నది ఉన్నట్టు చెప్పుకోండి. ఇంట్లో చెప్పాల్సిన అంకె ఏదైనా ఉంటే ఈ రాత్రే చెప్పండి. దేవుడు మిమ్మును, మీ ఇంటివారిని దీవించును గాక. ఆమేన్.